ఆడపడుచుల ఆదివారం

శ్రీకాకుళం వెళ్లొచ్చానని చెప్పగానే మా వీధిలో అందరూ ఒకటే అడిగారు, అరసవిల్లి వెళ్లారా, శ్రీముఖలింగం చూశారా అని. రెండూ చూడలేదు. వెళ్లిన నాలుగు రోజులూ ఒక చిన్న చర్చి చుట్టూనే గడిచిపోయాయి. "నీకు చర్చిలో ఏం పనే?" అని మా అత్తగారు బుగ్గ నొక్కుకున్నారు. ఆవిడకి నోటితో చెబితే అరగంటలో అయిపోయింది. రాస్తే కొంచెం వివరంగా ఉంటుందని ఇలా కూర్చున్నాను.

మాది కాకినాడ. హైస్కూల్లో తెలుగు చెబుతాను. అదే స్కూల్లో కరుణ లెక్కలు చెబుతుంది. నాకన్నా చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఇన్నేళ్ల స్నేహంలో తన పుట్టిన ఊరి మాట ఎత్తినట్టు నాకు గుర్తులేదు. అలాంటిది ఒకరోజు స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత పెడుతూ, "మా ఊళ్లో చర్చి పండుగ అక్కా. నాతో వస్తావా?" అంది.

వరి కోతలయ్యాక సంఘమంతా కలిసి చేసుకునే కృతజ్ఞతా పండుగ అట. సంఘమంటే ఆ చర్చికి వెళ్లే కుటుంబాలన్నీ. పెళ్లిళ్లయి వేరే ఊళ్లకి వెళ్లిపోయిన ఆడపిల్లలందరినీ ఈసారి పిలుస్తున్నారట. నాకు కొత్త చోట్లు చూడటమంటే సరదా, చర్చిలో లోపల ఏం జరుగుతుందో చూడాలన్న కుతూహలం చిన్నప్పటి నుంచీ ఉంది. సరేనన్నాను. ఆ ఊరి పేరు మాత్రం రాయొద్దని కరుణ అడిగింది. భావనపాడుకి దగ్గర్లోని ఊరు అనుకోండి, చాలు.

విజయనగరంలో తిరుగుళ్లు

రైలు దిగి తిన్నగా శ్రీకాకుళం బస్సెక్కేయవచ్చు. కరుణ ఎక్కనివ్వలేదు. ఇంత దూరం వచ్చి విజయనగరం చూడకపోతే ఎలా అంటూ కోట చూపించింది. గంటస్తంభం చుట్టుపక్కల సందులన్నీ తిప్పింది. వాళ్లమ్మకి చీర కొంటానని బట్టల కొట్లు ఎక్కి దిగింది, ఏదీ కొనలేదు. చివరికి నా కాళ్లు మొరాయిస్తే ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం.

"ఏటి కావాలమ్మా?" అన్నాడు సర్వరు. ఉత్తరాంధ్ర వచ్చేశామని నాకు ఆ 'ఏటి'తో తెలిసింది. ఇడ్లీ పల్చటి చట్నీలో మునిగి వచ్చింది. మా వైపు చట్నీ పక్కన పెడతారు, ఇక్కడ ఇడ్లీని అందులో ఈతకి దింపుతారు. ఘాటు బాగుంది. ఇద్దరం తిని, టీ తాగినా వంద రూపాయల నోటు దాటలేదు.

కరుణ తినకుండా ఇడ్లీని తుంపుతూ కూర్చుంది. "వెళ్లడం ఇష్టం లేకపోతే వెనక్కి పోదాం" అన్నాను.

"ఇష్టం లేక కాదు. భయమేసి," అంది. "నేను ఆ చర్చి గడప తొక్కి పదేళ్లు దాటింది అక్కా."

అప్పుడు చెప్పింది. వాళ్ల నాన్న ప్రకాశం ఆ సంఘానికి పెద్ద. కరుణ హిందువుల అబ్బాయి శేఖర్ని ఇష్టపడి రిజిస్టరు పెళ్లి చేసుకుంది. తరవాతి ఆదివారం అందరి ముందూ వాళ్ల నాన్నే లేచి నిలబడి, నా కూతురు తప్పు చేసింది, సంఘం ముందు క్షమాపణ చెప్పేదాకా తనకి బల్ల ఇవ్వకూడదు అన్నాడట. బల్ల అంటే నెలకోసారి రొట్టె ముక్క, ద్రాక్షరసం అందరూ పంచుకునే ఆరాధన. అది అందకపోతే చర్చిలో కూర్చున్నా కూర్చోనట్టేనట.

"మరి ఇప్పుడు రమ్మన్నదెవరు?"

"దాలమ్మత్త. స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. ఫోన్ చేసి, ఆడపడుచులంటే అందరూ ఆడపడుచులేనే, కొందరు కాదు, బేగి వచ్చీ అంది."

"బాగుంది. నన్నెందుకు తీసుకెళ్తున్నావు?"

కరుణ సిగ్గుపడింది. "కొత్తవాళ్లు పక్కనుంటే మా వాళ్లు గొడవ పెట్టుకోరక్కా."

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే, అంతకుముందు ఉన్న కుతూహలం రెట్టింపయింది.

నాగావళి ఒడ్డున

ఆ రాత్రికి శ్రీకాకుళంలోనే ఆగిపోయాం. అదీ కరుణ పట్టుదలే. సాయంత్రం నాగావళి వంతెన దాకా నడిచాం. నీళ్లు సన్నగా, ఇసుక మధ్య పాయలుగా ఉన్నాయి. గోదావరి చూసిన కళ్లకి చిన్నదిగా కనబడింది గానీ, ఒడ్డున గాలి మాత్రం మా గోదావరి గాలే.

రోడ్డు పక్కన బుట్టలో జీడిపప్పు అమ్మే ఆవిడ దగ్గర బేరమాడాను. కాకినాడ ధరకన్నా బాగా తక్కువ. అయినా అలవాటు కొద్దీ ఇంకా తగ్గించండి అన్నాను.

"మీది గోదారి వైపు కదేటి?" అంది ఆవిడ నవ్వుతూ. "మాట సివర అండీ అండీ అని తగిలిత్తన్నావు. మావు అంత మర్యాదగా బేరమాడం తల్లీ. ఇచ్చీ అంటాం, ఇయ్యకపోతే ఎలిపోతాం." అని గుప్పెడు ఎక్కువే పోసింది.

షేర్ ఆటోలో విచారణ

మర్నాడు టెక్కలి వైపు బస్సు, ఆ తరవాత షేర్ ఆటో. ఆటోలో మాకెదురుగా ములక్కాడల కట్ట ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. ఆటో కదలకముందే విచారణ మొదలైంది.

"ఎవులింటికి ఎల్తన్నారు?"

"చర్చి వీధికండి," అన్నాను.

"చర్చి ఈదిలో ఎవులింటికి?"

కరుణ రోడ్డు వైపు తిరిగింది. పెద్దావిడ కరుణ మొహంలోకి వంగి చూసింది. "నువ్వు పెకాశం కూతురివి కాదేటి? ఆ ఎలిపోయిన గుంటవేనా?" అంది ఆటో అంతా వినబడేలా. గుంట అంటే వాళ్ల మాటలో పిల్ల. నేను గతుక్కుమన్నాను. మా వైపయితే ఇలాంటి మాట చెవిలో చెబుతారు, అదీ మనిషి దిగిపోయాక. కరుణ అవునని తలూపింది.

పెద్దావిడ కట్టలోంచి గుప్పెడు ములక్కాడలు లాగి కరుణ ఒళ్లో పెట్టింది. "మంచిపని సేసావు వచ్చి. మీ అమ్మకి ఇయ్యి. మాది అమ్మోరి ఈది, నానెవులో మీ అమ్మకి తెలుస్తాది" అని తన స్టాపులో దిగిపోయింది.

చర్చి వీధి

చర్చి సున్నం వేసిన పాత పెంకుల కట్టడం. పక్కన రేకుల షెడ్డు. వీధిలో ప్రతి గుమ్మం మీదా రంగులతో రాసిన ఒక బైబిలు వాక్యం, కొన్నిళ్లకి క్రిస్మస్ నాటి కాగితం నక్షత్రం ఇంకా వేలాడుతోంది. ఎదురైన ప్రతివాళ్లూ "వందనాలు" అంటూ చెయ్యి అందించారు. మొదట తడబడ్డాను గానీ, నాలుగో ఇంటికి వచ్చేసరికి నేనే ముందు వందనాలండి అనడం మొదలుపెట్టాను.

కరుణ పుట్టింటికి వెళ్లలేదు. తండ్రి పిలవనిదే వెళ్లనంది. దాలమ్మ ఇంట్లో దిగాం. దాలమ్మ ఆరడుగుల మనిషి, గొంతు అంతకన్నా పొడుగు. "ఒసే కరుణా, ఎంత సిక్కిపోయావే!" అని కరుణని గట్టిగా పొదువుకుంది. తరవాత నా వైపు తిరిగింది. "టీచరమ్మా, నువ్వు నీసు తింటావా, తినవా?"

తిననని చెప్పాను. ఆ కబురు నాకన్నా ముందే వీధి చివరికి చేరింది. అక్కణ్నించి ఏ ఇంటికెళ్లినా పప్పు, పెరుగు, పనసకాయ కూర. మా వైపు అతిథిని భోజనం చేశారా అని అడుగుతాం, చేశామంటే వదిలేస్తాం. ఇక్కడ అడగరు. కూర్చోగానే కంచం వచ్చేస్తుంది. ఒక ఇంట్లో ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పెబువుని నమ్ముకున్నావా తల్లీ?" అని అడిగింది. "ముందు ఆయమ్మని మజ్జిగ తాగనియ్యే!" అని దాలమ్మ కసిరింది. మళ్లీ ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం దొడ్డిదారిన ఒక సన్నటి మనిషి స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. కరుణ వాళ్లమ్మ శాంతమ్మ. ఇద్దరూ గోడ వారగా నిలబడి చాలాసేపు ఏడ్చారు. శాంతమ్మ మాట్లాడింది చాలా తక్కువ. గిన్నెలో కొబ్బరి లౌజు ఉంది. కూతురు తినేదాకా చూసి, కొంగుతో దాని మూతి తుడిచి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

తండ్రిని సాయంత్రం చూశాను. చర్చి వాకిట్లో స్టూలెక్కి రంగు కాగితాల తోరణం కడుతున్నాడు. తెల్ల పంచె, నెరిసిన జుట్టు. నన్ను చూసి దిగాడు. "వందనాలమ్మా. మంచినీళ్లు దొరికాయా? దాలమ్మ ఇంట్లో ఫ్యాను పంజేస్తన్నాదా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. కరుణ నా పక్కనే, నా భుజానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆయన చూపు నా దగ్గరే ఆగిపోయింది. మళ్లీ స్టూలెక్కేశాడు.

నిన్నటిదాకా మొహం తెలియని నాకు ఇంత ఆదరణ, కన్నకూతురికి ఒక చూపు లేదు. కొత్తవాళ్లని ఆదరించడం ఎంత తేలికో నాకు అప్పుడు అర్థమైంది.

వంకాయలు తరుగుతూ

ఆదివారం భోజనాలకి శనివారం సాయంత్రమే ఆడవాళ్లంతా షెడ్డులో చేరి కూరలు తరుగుతారు. నాకూ ఒక కత్తిపీట ఇచ్చారు. తరుగుతూ పాడతారు. ఒకావిడ కంజిర వాయిస్తుంది. ఆ పాటల వరసలు వింటుంటే నా చెయ్యి ఆగిపోయింది. మా నాన్నగారు హరికథలకి ఫిడేలు వాయించేవారు, ఆ గాలి కొంత నాకూ సోకింది. ఇది ఆనందభైరవి కాదూ అని అడిగితే ఒకమ్మాయి పాటల పుస్తకం తెచ్చి చూపించింది. నిజమే, పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉన్నాయి. ఏసుప్రభువు పాటకి త్రిపుట తాళం ఉంటుందని నేను ఊహించలేదు. ఆ పుస్తకం వదల్లేక వదిలాను.

దీపాలు పెట్టే వేళకి పాస్టరుగారు వచ్చారు. కుర్రతనం పోని మనిషి, ఏలూరు వైపు నుంచి కొత్తగా వచ్చారు. కరుణ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, మెత్తగా చెప్పారు. "అమ్మా, రేపు బల్ల ఆరాధన కూడా ఉంది. పెద్దలు ఒకటే అడుగుతున్నారు. మీరు లేచి రెండు మాటలు, నావల్ల పొరపాటు జరిగింది, క్షమించండి అంటే చాలు. అన్నీ సర్దుకుంటాయి."



"ఇంట్లో చెప్పకుండా వెళ్లాను. దానికి మా అమ్మకి ఎన్నిసార్లయినా క్షమాపణ చెబుతాను," అంది కరుణ. "ఆయన్ని పెళ్లి చేసుకోవడం పొరపాటని మాత్రం చెప్పలేను పాస్టరుగారూ. అబద్ధమవుతుంది. అబద్ధం చెప్పి ఆ రొట్టె ముట్టుకోమంటారా?"

పాస్టరుగారు తల దించుకున్నారు. "నేను రాకముందు పెట్టుకున్న కట్టుబాటమ్మా ఇది."

దాలమ్మ చేతిలో వంకాయ విసిరి గిన్నెలో కొట్టింది. "కట్టుబాటేటి? ఆ దినం పెకాశం మావ కోపంలో సెప్పిన మాట అది. మగోల్లంతా తలూపీసారు. మమ్మల్ని ఎవులడిగారు? ఏటే, మాటాడరేటి?" అని అందరి వైపూ చూసింది. ఇద్దరు ముగ్గురు అవునన్నారు. ఒకావిడ, బల్ల విషయంలో తగువు మంచిది కాదని గొణిగింది. మూల కూర్చున్న శాంతమ్మ తలెత్తకుండా వంకాయలు తరుగుతూనే ఉంది.

కరుణే సర్దిచెప్పింది. "ఒగ్గెయ్ అత్తా. బల్ల వద్దు. ఆడపడుచుగా పిలిచావు, వచ్చాను. భోంచేసి వెళ్తాను." ఊరికి వచ్చిన పూటలోనే తన మాట మారిపోయిందని నాకు అప్పుడు వినిపించింది.

ఆదివారం

చర్చిలో బెంచీలు లేవు. చాపల మీద ఎడమవైపు మగవాళ్లు, కుడివైపు ఆడవాళ్లు, మధ్యలో దారి. నేను అది గమనించకుండా ఫ్యాను కింద హాయిగా చతికిలబడ్డాను. కాసేపటికి చూస్తే చుట్టూ అంతా మీసాలే. ఒక పెద్దాయన చాలా మర్యాదగా, "అమ్మా, ఇటు మావు కూకుంటాం" అన్నాడు. ఆడవాళ్ల వైపంతా కిసుక్కున నవ్వింది. దాలమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

అందరూ తమ పంటలో కొంత తెచ్చి ముందు పెడుతున్నారు. ధాన్యం, గుమ్మడికాయలు, జీడిగింజలు, ఎండుచేపల పొట్లాలు. కాళ్లు కట్టేసిన కోడిపెట్ట ఒకటి ప్రసంగం పొడవునా పాస్టరుగారితో పోటీపడి అరిచింది. తరవాత ఆడపడుచుల్ని ముందుకి పిలిచి ఒక్కొక్కరికీ రవికె గుడ్డ ఇచ్చారు. కరుణ వంతు వచ్చేసరికి దాలమ్మ తానే లేచి ఇచ్చి, గట్టిగా చప్పట్లు కొట్టింది. మరికొన్ని చేతులు కలిశాయి.

ఆ తరవాత బల్ల. ముందున్న తెల్లగుడ్డ తీసి, రొట్టె ముక్కల పళ్లాలు పెద్దల చేతికిచ్చారు. ఆడవాళ్ల వైపు పళ్లెం తెచ్చింది ప్రకాశమే. మొదటి వరసలో మొదటి మనిషి ఆయన భార్య శాంతమ్మ. మూడో వరసలో కరుణ, తన పక్కన నేను.

ఆయన పళ్లెం వంచాడు. శాంతమ్మ దాన్ని రెండు చేతులా అందుకుంది. భర్త మొహంలోకి చూసింది. ముక్క తీసుకోలేదు. పళ్లెం పక్కావిడకి అందించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పక్కావిడ దాలమ్మ. ఆవిడ ఒక్క క్షణం శాంతమ్మ వైపు నోరు తెరుచుకుని చూసి, తనూ తీసుకోకుండా పక్కకి ఇచ్చేసింది. తరవాతావిడా అంతే. ఒక ముసలమ్మ మాత్రం ఒక ముక్క తీసుకుంది. పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు ఏం చెయ్యాలో తెలియక చూస్తుంటే, వెనకనుంచి ఎవరో, "నీకు కాదు టీచరమ్మా, నీకు తర్వాత భోజనం ఉన్నాది" అని గుసగుసలాడారు. కరుణ కళ్లు మూసుకుని అందించేసింది. పళ్లెం వరసలన్నీ తిరిగి, ఇంచుమించు నిండుగానే ప్రకాశం చేతికి చేరింది.

ఆయన పళ్లెంలోకి చూస్తూ నిలబడిపోయాడు.

"ఆ దినం..." అన్నాడు ప్రకాశం. మళ్లీ మొదలుపెట్టాడు. "ఆ దినం ఈ గుంట తప్పు సేసిందని నానే సెప్పాను. సంఘం సెప్పనేదు. నలుగురిలో నా పరువు పోయిందని కోపం నాకు. ఆ కోపానికి దేవుడి పేరెట్టాను. ఆ మాట నాను ఎనక్కి తీసుకుంతన్నాను. నన్ను సెమించండి. ఈ పల్లెం పట్టుకోడానికి ఈ దినం నాను తగను."

పళ్లెం మరో సంఘపెద్ద చేతికిచ్చేశాడు. తన చోటికి వెళ్లలేదు. మధ్యదారి దాటి, ఆడవాళ్ల వైపు, మూడో వరసలోకి వచ్చాడు. మేమంతా జరిగాం. పంచె సర్దుకుని కరుణ పక్కన చాప మీద కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ చర్చిలో మగమనిషి ఆ వైపు కూర్చోవడం చూడలేదని తరవాత చాలామంది అన్నారు.

కరుణ తండ్రి వైపు తిరగలేదు. ఆయనా తిరగలేదు. ఇద్దరూ ముందుకే చూస్తూ కూర్చున్నారు. పళ్లెం మళ్లీ మొదటి వరస నుంచి బయల్దేరింది. ఈసారి శాంతమ్మ తీసుకుంది. మూడో వరసకి వచ్చినప్పుడు ప్రకాశం తన వంతు తీసుకోకుండా పళ్లెం కూతురి ముందు పట్టుకున్నాడు. కరుణ చెయ్యి చాచింది.

నాకు ఆ రొట్టె అర్థమేమిటో పూర్తిగా తెలియదు. కానీ నా కళ్లలో నీళ్లెందుకు వచ్చాయో తెలుసు.

భోజనాలు

షెడ్డులో బారులు తీరి అరిటాకులు. ఊళ్లో చర్చికి రాని ఇళ్లవాళ్లనీ పిలిచారు, వాళ్లూ వచ్చారు. నిన్నటి ములక్కాడలావిడ నా పక్క ఆకులోనే తేలింది. నాకోసం విడిగా కొత్త గరిటె పెట్టారని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. నేనడగలేదని చెబితే దాలమ్మ వినలేదు. "అడిగితే పెట్టడం ఏటి గొప్ప?" అంది, వంకాయ కూర మళ్లీ వడ్డిస్తూ.

"రాత్రి అంత అరిచారు కదా, ఇదంతా మీ పథకమేనా?" అని నెమ్మదిగా అడిగాను.

దాలమ్మ గరిటె ఆపింది. "నాననుకున్నాను టీచరమ్మా, నానొక్కదాన్నీ తీసుకోకుండా ఉందామని. శాంతమ్మ నాకన్నా ముందే సేసీసింది. దానికి ఇంత గుండె ఉన్నాదని నాకే తెలీదు." అని శాంతమ్మ వైపు చూసింది. శాంతమ్మ పిల్లల బంతిలో నీళ్లు పోస్తోంది, ఏమీ జరగనట్టే.

ఆ రాత్రి కరుణ పుట్టింట్లో పడుకుంది. నన్ను దాలమ్మ వదల్లేదు.

భావనపాడు

సోమవారం పొద్దున్నే ప్రకాశం ఆటో మాట్లాడుకొచ్చాడు. కరుణతో పంపడానికి చేపలు కొనాలట. ముగ్గురం భావనపాడు వెళ్లాం. పడవలు అప్పుడే ఒడ్డుకి లాగుతున్నారు. ఇసుక మీద వలలు, బుట్టలు, అరుపులు. నేను ముక్కు మూసుకోకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించాను. సముద్రం మా కాకినాడ సముద్రంలా ఒదిగి ఉండదు, విరుచుకుపడుతుంది.

తండ్రీ కూతుళ్లు పక్కపక్కనే నడుస్తున్నారు గానీ మాటలు బుట్టల గురించీ, ధరల గురించే. అల్లుడి ఊసు నిన్నటి నుంచీ ఎవరూ తేలేదు. ఒక బెస్తావిడ ముందు ప్రకాశం గొంతుక్కూర్చున్నాడు. బుట్టలో వెండిలా మెరిసే చిన్న చిన్న కవళ్లు, ఒళ్లంతా ముళ్లుండే చేపలు. ఆవిడ దోసిలితో ఎత్తి సంచిలో వెయ్యబోయింది.

ప్రకాశం చెయ్యి అడ్డుపెట్టాడు. తల తిప్పకుండా, ఇసుకలోకి చూస్తూ అడిగాడు.

"మీ ఆయన సేపలు తింటాడేటి?"

కరుణ ఆయన పక్కనే కూర్చుంది. "తింటారు నాన్నా. ముళ్లు తీసుకోవడమే రాదు."

ఆయన కవళ్ల బుట్ట పక్కకి జరిపి, బెస్తావిడతో అన్నాడు.

"అయితే ఇయ్యి వద్దమ్మా. ముల్లు తక్కువున్న సేప సూసి ఎయ్యి."